తెలుగులో అడిగారు, తెలుగులోనే చెప్పాలి

ఇంగ్లిష్‌లో రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఏదైనా తీసుకుని చివరి నుంచి తిప్పి చూడండి. అది అర్థశాస్త్రమో, సామాజిక శాస్త్రమో, కామర్సో, గృహవిజ్ఞానమో అయితే ఉపయుక్త గ్రంథాల జాబితా తరవాత నాలుగైదు పేజీల ప్రశ్నావళి కనిపిస్తుంది. మీ ఇంట్లో ఎంతమంది? సొంత భూమి ఎంత? అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ ఎంత? పిల్లల్ని బడి ఎందుకు మాన్పించారు? కొన్ని పుస్తకాల్లో అట్ట నుంచి అట్టదాకా తెలుగు ఉండేది ఈ నాలుగు పేజీల్లోనే. వాకిట్లో కూర్చుని అడిగింది తెలుగులో. అవతలి మనిషి పని ఆపి, చేతులు తుడుచుకుని జవాబు చెప్పింది తెలుగులో. ఆ జవాబుల నుంచి పుట్టిన మూడు వందల పేజీలు మాత్రం ఆ మనిషి చదవలేని భాషలో.

అలాంటి పేజీలు టైపు చేసి నేను బతికాను, నా పిల్లలు చదువుకున్నారు. నాంపల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టైపు లోయర్, హయ్యర్ పాసై, ఆబిడ్స్ చిరాగ్‌అలీ గల్లీలో ఒక మేడమీద గదిలో మిషను పెట్టుకున్నాను. ఉస్మానియా నుంచి, పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం నుంచి, గచ్చిబౌలి, కూకట్‌పల్లిలోని విశ్వవిద్యాలయాల నుంచి స్కాలర్లు వచ్చేవాళ్లు. పొద్దున కెమిస్ట్రీ, మధ్యాహ్నం జానపద సాహిత్యం, సాయంత్రం సహకార సంఘాల పనితీరు. కెమిస్ట్రీ అయితే గ్రీకు అక్షరాలకు ఖాళీ వదిలి తరవాత ఇండియన్ ఇంకుతో చేత్తో రాయాలి, షడ్భుజాల బొమ్మలు ప్లాస్టిక్ టెంప్లేట్ పెట్టి గీయాలి. గణాంకాల పట్టికలు వస్తే నిలువు వరసలు కుదిరేదాకా కాగితాలు ఖర్చయ్యేవి. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, డీటీపీ వచ్చింది, కింద బైండింగ్ దుకాణంలో రెక్సిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాలు అద్దడం మాత్రం అలాగే ఉంది.

ఇదంతా నీకు అర్థమయ్యేదా అని చాలామంది అడుగుతారు. గైడు ఎర్రసిరాతో ఎక్కువగా దిద్దేది మొదటి అధ్యాయం, ఆఖరి అధ్యాయం. అందుకని టైపిస్టు మళ్లీమళ్లీ చదివేదీ ఆ రెండే. ఏమి వెతకడానికి బయలుదేరారు, ఏమి దొరికింది, ఈ రెండూ అక్కడే ఉంటాయి. అలా చదివే, మూసీ నీటితో పెరిగే ఆకుకూరల్లోనూ పశువుల గడ్డిలోనూ సీసం, కాడ్మియం ఎందుకు కొలుస్తారో తెలుసుకున్నాను. రైతు బ్యాంకు వదిలి వడ్డీ వ్యాపారి దగ్గరికి ఎందుకు వెళ్తాడో, బోరు ఎంత లోతుకు దిగితే నీటిలో ఏ లవణాలు పెరుగుతాయో, గర్భిణులకు రక్తం ఎందుకు తక్కువవుతుందో తెలుసుకున్నాను. ఇవి మా చుట్టాలకు, మా బస్తీవాళ్లకు, మా ఊరివాళ్లకు కావలసిన సంగతులు. విశ్వవిద్యాలయాల్లో పనికొచ్చే పరిశోధన జరగడం లేదనే మాటను అందుకే నేను ఒప్పుకోను. జరుగుతోంది. జరిగింది జనానికి చేరడం లేదు.

ఒకసారి నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన అబ్బాయి బైండింగ్ రోజున వాళ్లమ్మను వెంట తెచ్చాడు. బీడీ కార్మికుల ఆరోగ్యం మీద అతని పరిశోధన. ఆమె బీడీలు చుట్టే మనిషి. నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచి వచ్చారు. కొత్త రెక్సిన్ వాసన వేస్తున్న పుస్తకాన్ని ఒళ్లో చాట పెట్టుకున్నట్టే పెట్టుకుని పేజీలు తిప్పింది. "గిండ్ల మా ముచ్చట ఏడున్నదిరా?" అని అడిగింది. అతను ఒక పట్టిక తీసి, "గీ నంబర్లన్నీ మీయేనే అమ్మా" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ పట్టిక నేను కొట్టిందే. పొగాకు దుమ్ములో ఎన్నేళ్లు పనిచేస్తే దగ్గు, ఆయాసం ఎంతమందికి వస్తున్నాయో వయసులవారీగా అందులో ఉంది. గాలి ఆడే చోట కూర్చుని చుట్టాలని, పొగాకు పిల్లలు పడుకునే గదిలో నిలవ ఉంచకూడదని ఆఖరి అధ్యాయంలో సూచనలు ఉన్నాయి. అవి ఆమెకు చెప్పాల్సిన సూచనలు. ఆమె చేతిలోనే ఉన్నాయి, ఆమెకు అందలేదు. ఆ అబ్బాయి మంచివాడు, కష్టపడి రాశాడు. తెలుగులో నాలుగు పేజీలు రాసి ఇమ్మని అతన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు, అంతే.

నేను కోరేది ఒక్కటే. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఏ విశ్వవిద్యాలయానికి ఏ శాస్త్రంలో సిద్ధాంత గ్రంథం సమర్పించినా, దానితోపాటు ఐదు పేజీల తెలుగు సారాంశం ఇవ్వడం నిబంధన కావాలి. సమాచారం ఎక్కడివాళ్లు ఇచ్చారో ఆ ఊరికి ఆ సారాంశం వెళ్లాలి.

ఇది మన నగరానికి కొత్త ఆలోచన కాదు. నేను రోజూ నడిచే దారిలోనే దీని వేర్లు ఉన్నాయి. ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ దాటి కాస్త ముందుకు పోతే నిజాం కాలేజీ వస్తుంది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు మొదలైంది ఆ కాలేజీ పక్కన, బషీర్‌బాగ్‌లోని తాత్కాలిక భవనాల్లో. ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ భవనం తలుపులు తెరిచింది 1939లో. తరగతులు మొదలవడానికి రెండేళ్ల ముందే, 1917లో, నిజాం ప్రభుత్వం అనువాద శాఖను పెట్టింది. దారుల్ తర్జుమా అనేవాళ్లు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, చరిత్ర, న్యాయశాస్త్రం, అన్నిటి పుస్తకాలూ ఉర్దూలోకి తెచ్చారు. ముందు పుస్తకాలు, తరవాత పాఠాలు. మన దేశ భాషలో ఉన్నత విద్య చెప్పవచ్చని చేసి చూపించిన విశ్వవిద్యాలయం అది. అయితే అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఆ తెలుగుకు ఆ పనిలో చోటు దొరకలేదు. 1948 తరవాత ఉర్దూ పోయి ఇంగ్లిష్ వచ్చింది. తెలుగు అప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడింది. ఈ చరిత్రను నేను ఉర్దూ మీద కోపంతో చెప్పడం లేదు. ఒక ప్రభుత్వం తలుచుకుంటే, డబ్బు పెడితే, పండితులను ఒకచోట కూర్చోబెడితే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఇటు నాంపల్లి వైపు వస్తే నుమాయిష్. జనవరి 1 నుంచి నెలన్నరపాటు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు లక్షల మంది వస్తారు. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ బట్టలు కొనుక్కుని, జెయింట్ వీల్ ఎక్కి వెళ్తారు. ఈ ప్రదర్శన ఎందుకు పుట్టిందో చెబితే చాలామంది నమ్మరు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘానికి చెందిన ఆర్థిక కమిటీ హైదరాబాద్ రాష్ట్రపు ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయాలనుకుంది. చేతిలో డబ్బు లేదు. ఆ డబ్బు కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో స్వదేశీ వస్తువుల ప్రదర్శన పెట్టారు. రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలైందని చెబుతారు. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. ఆ లాభాల మీద ఈ రోజు ఎగ్జిబిషన్ సొసైటీ బోలెడు విద్యాసంస్థలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వాటిలోవే. పరిశోధనకు డబ్బులు కావాలంటే ఆ కుర్రవాళ్లు వెళ్లింది బజారులోని మామూలు మనుషుల దగ్గరికి. టికెట్టు కొన్న ప్రతి మనిషీ ఆ సర్వేకు చందా ఇచ్చినట్టే. ఇప్పుడు ఆ చందా పన్ను రూపంలో ఇస్తున్నాం. యూజీసీ ఫెలోషిప్పు అయినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే నిధులు అయినా జనం డబ్బే. ఆ జనానికి లెక్క చెప్పడం మర్యాద.

ఇంకో పాత పుస్తకం సంగతి చెప్పాలి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచే బజారు ఉంది కదా, అక్కడ నాకు ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' దొరికింది. 1955లో లండన్‌లో అచ్చయింది. అందులోని ఊరు మన శామీర్‌పేట. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం సామాజిక సేవా విస్తరణ పథకం పేరుతో ఆ ఊరికి ఒక బృందాన్ని పంపింది. సామాజిక శాస్త్రం వాళ్లే కాదు, వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, విద్య చదివేవాళ్లు కలిసి వెళ్లారు. వేరువేరు శాస్త్రాలు ఒక ఊరి మధ్య కూర్చోవడం ఈ రోజుకూ అరుదే. కులాలు, పండగలు, భూమి, పెళ్లిళ్లు, అప్పులు, జబ్బులు, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ప్రపంచంలో సామాజిక శాస్త్రం చదివినవాళ్లకు శామీర్‌పేట అలా తెలిసింది. ఇప్పుడు ఆ ఊరు నగరంలో కలిసిపోతోంది, ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది. అక్కడి పాఠశాల పిల్లలకు తమ తాతల కాలపు ఊరిని చూపించే అంత వివరమైన చిత్రం మరొకటి ఉండదు. వాళ్ల బడిలో ఆ పుస్తకం తెలుగు సారాంశం ఉండాల్సిందా, లేదా?

అందరూ వదిలేయలేదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో చెంచుల గురించి, కొండరెడ్ల గురించి, ఆదిలాబాద్ గోండుల గురించి పరిశోధించాడు. కొన్నాళ్లు ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా పనిచేశాడు. గోండు వీరుడు కొమురం భీం నేలకొరిగిన కాలం అది. గోండుల చేతుల్లోంచి భూమి ఎలా పోతోందో హైమన్‌డార్ఫ్ తన నివేదికల్లో రాశాడు. నివేదిక రాసి ఊరుకోలేదు. గోండులకు పట్టాలు ఇప్పించడానికి ప్రభుత్వాన్ని కదిలించాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఆ దంపతులను తలుచుకుంటారు. తమ గురించి రాసినవాడు రాసింది తమకు తిరిగి తెచ్చి ఇచ్చాడు కాబట్టి తలుచుకుంటున్నారు.

తెలుగు పరిశోధకుల్లో ఇలా చేసినవాళ్ల పేర్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాండలిక వృత్తి పదకోశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన ఆ వరసలో మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. అదే 1962లో ఆయన ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు వచ్చారు. ద్రావిడ భాషల మీద ఆయన రాసిన పుస్తకాన్ని కేంబ్రిడ్జ్ 2003లో అచ్చువేసింది. అంతటి పండితుడు జిల్లాజిల్లాకూ మనుషులను పంపి, నాగలికి ఉన్న మేడి, నొగ, కర్రు ఏ ప్రాంతంలో ఏ పేరుతో పిలుస్తారో సేకరించారు. మగ్గం దగ్గర పడుగు, పేక, నాడె, పన్నె, ఒక్కొక్కటీ నేతగాళ్ల నోటితోనే రాసుకున్నారు. ఆ లెక్కల మీద తెలుగు నేలను నాలుగు మాండలిక ప్రాంతాలుగా గుర్తించారు. ఇందులో నన్ను కదిలించేది ఒకటుంది. రైతు ఇచ్చిన మాట పుస్తకంలో రైతు మాటగానే ఉంది. ఆ పుస్తకం తెరిచి చదివి వినిపిస్తే రైతు దాన్ని తప్పు పట్టగలడు, మా ఊళ్లో అలా అనం అని దిద్దగలడు. పరిశోధనకు అంతకంటే గట్టి పరీక్ష ఏముంది? 1985లో నందమూరి తారకరామారావు అకాడమీలను కలిపి తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఈ పని పబ్లిక్ గార్డెన్స్‌లోని ఆ ప్రాంగణానికి వచ్చింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన సురవరం రాజుల కథలు పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికిన మనిషి. ఆయన పేరున్న విశ్వవిద్యాలయం ఈ తెలుగు సారాంశాల పనిని తన భుజం మీద వేసుకోవాలి.

బిరుదురాజు రామరాజు పేరు కూడా ఇక్కడ చెప్పాలి. ఉస్మానియాలో తెలుగులో తొలి డాక్టరేటు ఆయనది. అంశం జానపద గేయ సాహిత్యం. నాట్లువేసే ఆడవాళ్లు, తిరగలి తిప్పే ఆడవాళ్లు పాడేదాన్ని విశ్వవిద్యాలయం సాహిత్యంగా గుర్తించింది ఆ పుస్తకంతోనే. 1958లో తెలుగులో అచ్చయింది.

ఇక నల్లగొండ. ఇది చెప్పేటప్పుడు నాకు కడుపులో బాధ కలుగుతుంది, మా అత్తగారిది ఆ జిల్లాయే. నల్లగొండలో ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వంగిపోయిన వెన్నులు, బిగుసుకుపోయిన కీళ్లు, నీళ్లలో ఫ్లోరైడు. అన్నీ అందులో ఉన్నాయి. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు. ఆ పేరు ఆఫ్రికాలో నీటి ఇంజనీర్లకు తెలుసు. మా అత్తగారి ఊళ్లో నేను అడిగిన పెద్దవాళ్లకు తెలియదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం నిరసనగా నల్లగొండ స్థానంలో వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది పోటీలో ఉన్నారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. లండన్ పత్రికలో వ్యాసం వచ్చిన నలభై ఏళ్లకు దేశం నల్లగొండ నీళ్ల వైపు అలా తిరిగి చూసింది. నీళ్లు రాకపోవడానికి కారణం భాష ఒక్కటే అనను. రాజకీయం ఉంది, నిధులు ఉన్నాయి, కాలువలు ఉన్నాయి. కానీ 1955లోనే ఆ వ్యాసం సారాంశం తెలుగులో ప్రతి ఊరి చావడిలో చదివి వినిపించి ఉంటే, ఏ బావి నీళ్లు తాగాలి, ఏ బావివి తాగకూడదు అని ఆడవాళ్లు అప్పుడే అడిగేవాళ్లు. నలభై ఏళ్లంటే రెండు తరాల ఎముకలు.

నా వృత్తి వల్ల మాత్రమే కనిపించే ఇంకో గొయ్యి ఉంది. తెలుగులో రాసిన గ్రంథాలు కూడా దొరకడం లేదు. 2009 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథాల ప్రతులను ఆన్‌లైన్‌లో పెట్టాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో ఎవరైనా డబ్బులు కట్టకుండా చదువుకోవచ్చు. గొప్ప ఏర్పాటు. అయితే మేము ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు కొట్టాం. హైదరాబాద్‌లో పత్రికలు, పుస్తకాలు చాలావరకు అలాగే తయారయ్యేవి. ఆ ఫాంట్లలో తెర మీద మన కంటికి తెలుగు కనిపిస్తుంది. లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులను. ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంలేని గుర్తుల వరస వస్తుంది. అంటే 'చేనేత' అని వెతికితే చేనేత మీదే రాసిన గ్రంథం లోపలి పేజీలు బయటపడవు. అంతకు ముందు టైపు మిషను మీద కొట్టినవి, చేత్తో రాసినవి ఫొటోల్లా స్కాన్ చేసి పెట్టారు, వాటిలోనూ వెతకలేం. 2018లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం నకలు పది శాతం దాటకూడదు. దాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ కూడా ఈ అను తెలుగును చదవలేదు. నిజాయితీగా రాసినవాడి పనికి గుర్తింపు లేదు, ఎత్తి రాసినవాడికి భయం లేదు. యూనికోడ్ వచ్చి చాలా ఏళ్లయింది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, పొల్లులు సరిచూడటానికి మనుషులు కావాలి, ఆ పని తెలిసినవాళ్లు ఆబిడ్స్‌లోనూ కోఠిలోనూ పని లేక కూర్చుని ఉన్నారు. ఇది విశ్వవిద్యాలయాలు ఏడాదిలో ముగించగల పని.

అభ్యంతరాలు నాకు తెలుసు. స్కాలర్లతో ఏళ్ల తరబడి వాదించాను. సైన్సుకు తెలుగులో మాటలు లేవంటారు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ సబ్జెక్టువారీగా పారిభాషిక పదకోశాలు వేసింది. ఆ మాటలు కృతకంగా ఉంటే ఇంగ్లిష్ మాటనే తెలుగు లిపిలో రాయండి, నష్టం లేదు. కొవిడ్ కాలంలో ఆక్సిజన్ లెవెల్, యాంటీబాడీ, రెండో డోసు అని మా బస్తీలో కూరగాయలమ్మే ఆమె కూడా సరిగ్గా మాట్లాడింది. అర్థం చేసుకోవాలన్న అవసరం ఉంటే మాట అడ్డం రాదు.

గైడుకు తెలుగు రాదు, స్కాలరు వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు అంటారు. అదే ప్రాంగణంలో తెలుగు శాఖ ఉంది. ఎం.ఏ. తెలుగు చదివే పిల్లలకు పేజీకి ఇంత అని ఇచ్చి ఆ పని చేయిస్తే వాళ్లకూ నాలుగు డబ్బులు, నేర్చుకున్న చదువుకు ఒక ప్రయోజనం. గణితంలో సిద్ధాంతాన్ని ఐదు పేజీల్లో ఎలా చెబుతారని ఒక కుర్రాడు నన్ను నిలదీశాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. అలాంటి చోట ఏ సమస్య మీద పని చేశారు, అది ఎందుకు కష్టం, దానివల్ల ఏ దారి తెరుచుకుంటుంది అని చెప్పినా చాలు. బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా వేశారు, 1919 నుంచి ఆ అబ్జర్వేటరీ ఉస్మానియాది. ఆ అంకెలు అందరికీ అక్కర్లేదు. మన ఊళ్లో ఆ పని జరిగిందని, ఎందుకు జరిగిందని తెలిస్తే ఒక పిల్ల రాత్రి ఆకాశం వైపు వేరేగా చూస్తుంది. అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీలో చదివిన వైనూ బప్పు, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

అసలు అడ్డంకి వేరే ఉంది. తెలుగులో రాస్తే మార్కులు లేవు. ర్యాంకింగులకు లెక్క వచ్చేవి అంతర్జాతీయ జర్నళ్లలో వ్యాసాలు, వాటిని ఎంతమంది ఉదహరించారనే అంకెలు. ఉద్యోగానికి, ప్రమోషనుకు అవే కావాలి. అందువల్ల మంచి మనసును నమ్ముకుంటే ఈ పని జరగదు, నిబంధన కావాలి. ఇంగ్లిష్ మానేయమని నేను అనడం లేదు. రసాయన శాస్త్రవేత్త ప్రపంచం చదివే భాషలో రాయాల్సిందే. నెదర్లాండ్స్‌లో సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వస్తాయి, చివర డచ్ భాషలో సారాంశం ఉండడం ఆనవాయితీ. ఫ్రాన్స్‌లో వేరే భాషలో రాసిన గ్రంథానికి ఫ్రెంచ్ సారాంశం జతచేయాలి. డచ్ మాట్లాడేవాళ్ల కంటే తెలుగు మాట్లాడేవాళ్లు మూడింతలు ఉన్నారు.

ఐదు పేజీల్లో ఏముండాలో కూడా చెబుతాను. ఎవరిని అడిగారు, ఏమి అడిగారు, ఏమి తేలింది, మీరు ఏమి చేయాలని సూచిస్తున్నారు, మీకు తెలియనిది ఏమి మిగిలింది. యూనికోడ్‌లో, పెద్ద అక్షరాల్లో. గైడు చదివించుకుని సంతకం పెట్టాలి, అప్పుడు తేలికచేసి తప్పు చెప్పారన్న భయం ఉండదు. ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి మండలంలోని ఉన్నత పాఠశాలకు, ఒకటి పంచాయతీకి. వైవాకు ఇతర పరిశోధకులు, ఆసక్తి ఉన్న నిపుణులు రావచ్చని 2016 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఉండేది. బీడీల మీద పరిశోధన అయితే బీడీలు చుట్టే మనిషి కంటే ఆ పని తెలిసినవాళ్లు ఎవరు? ఆమెకు బస్సు చార్జీ ఇచ్చి పిలవండి, కాసేపు తెలుగులో జరపండి, ఆమెను ప్రశ్న అడగనివ్వండి.

సిద్ధాంత గ్రంథం మొదట్లో రెండు కాగితాలు తప్పనిసరి. ఇది నా పర్యవేక్షణలో జరిగిందని గైడు ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి, ఇది నా సొంత పని అని స్కాలరు ఇచ్చే డిక్లరేషన్ ఒకటి. ఈ రెండూ ఎన్నోసార్లు కొట్టాను, మాటలు కంఠస్థం. మూడో కాగితం ఒకటి చేర్చమని ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, అన్ని విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్లనూ అడుగుతున్నాను. "ఈ పరిశోధనకు సమాచారం ఇచ్చిన ఫలానా గ్రామ ప్రజలకు దీని తెలుగు సారాంశాన్ని ఫలానా తేదీన అందజేశాను." కింద స్కాలరు సంతకం, పక్కన పంచాయతీ ముద్ర. ప్రయోగశాలలో జరిగిన పరిశోధన అయితే జిల్లా గ్రంథాలయం ముద్ర. ఆ కాగితం లేని గ్రంథాన్ని ఎగ్జామినేషన్ బ్రాంచి తీసుకోకూడదు.